లాగే బండికి పెద్ద టైర్లు దేనికి?

డ్యూయలీకి పెద్ద టైర్లు వేయిస్తానని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: వెనక జంట టైర్ల మధ్య సందు ఎంతుందో ఎప్పుడైనా కొలిచావా? దీనికి అంగుళాల్లో జవాబు చెప్పిన మనిషి నాకింకా తగల్లేదు. కొత్త టైరు ఎత్తు తెలుసు, రిమ్ము డిజైను తెలుసు, నెలకు వాయిదా ఎంత పడుతుందో కూడా నోటికి వచ్చేసి ఉంటుంది. సందు సంగతి మాత్రం టైర్లు బిగించి ఇంటికొచ్చాక గుర్తొస్తుంది.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం కాస్త వివరం. డ్యూయలీ అంటే వెనక ఇరుసుకు అటు రెండు, ఇటు రెండు టైర్లుండే పికప్ ట్రక్కు. మన లారీ వెనక ఉండే ఏర్పాటే. ముందువి రెండూ కలిపితే ఆరు. రైతులూ మెకానిక్కులూ సొంతంగా చేయించుకుంటున్న ఈ పనిని షెవర్లే 1973లో తన టన్ను పికప్‌లో కంపెనీ నుంచే ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు రామ్ 3500, ఫోర్డ్ ఎఫ్-350, సిల్వరాడో 3500 అన్నిట్లోనూ దొరుకుతుంది. బండి వెడల్పు 80 అంగుళాలు దాటుతుంది కాబట్టి క్యాబ్ పైన అయిదు పసుప్పచ్చ లైట్లు ఉండాలని అమెరికా చట్టం. చాలామంది వాటిని అలంకారం అనుకుంటారు. ఈ బండి పుట్టింది బరువు లాగడానికి: గుర్రాల ట్రెయిలర్లు, గడ్డి చుట్టలు, ట్రాక్టర్లు, చిన్నసైజు ఇల్లంత ఉండే క్యాంపర్లు. వీటిని వెనక బంపరుకు కాకుండా ట్రక్కు తొట్టి మధ్యలో, ఇరుసు మీదికి బరువు పడేలా తగిలిస్తారు. అందుకే వెనక నాలుగు టైర్లు.

నాకు టెక్సస్‌లో డాలస్‌కు కాస్త దూరంలో కొంచెం పొలం ఉంది. ట్రాక్టరు, గడ్డి తోలడానికి గూస్‌నెక్ ట్రెయిలరు (ఇందాక చెప్పినట్టు తొట్టి మధ్యలో తగిలించే రకం), ఎండాకాలంలో పిల్లలతో కొలరాడో వెళ్ళడానికి క్యాంపరు. రెండిటికీ ఒకటే ట్రక్కు. పక్క కౌంటీలో నల్గొండ తమ్ముడు ఒకతను మేకలు పెంచుతున్నాడు, అతనిదీ నాలాంటి బండే. ఈ వ్యాసానికి కారణం అతను చేసిన ఫోను. "అన్నా, ముప్పై అయిదులు ఏపిస్తున్న. బురదల ఆగదు, బరువు బాగా మోస్తది, మల్ల లుక్కే వేరు" అన్నాడు.

ముప్పై అయిదులంటే 35 అంగుళాల ఎత్తుండే టైర్లు. మూడు కారణాలు చెప్పాడు కదా. చెప్పడం చివర చెప్పినా అసలు కారణం లుక్కే అని నా అనుమానం. అయినా బురద మాట కొట్టిపారేసేది కాదు. రెడ్ రివర్ నుంచి శాన్ ఆంటోనియో దాకా పరుచుకున్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అచ్చంగా మన నల్లరేగడే. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే పట్టుకుని వదలదు. కంపెనీ టైర్లు హైవే కోసం చేసినవి, గాడులు సన్నగా ఉంటాయి. ఒక వాన పడిన మర్నాడు పొలంలోకి దిగితే గాడుల నిండా రేగడి పట్టి టైర్లు నున్నగా అయిపోతాయి. జంట టైర్ల మధ్య సందులోనూ మట్టి దట్టంగా పట్టేస్తుంది. ఖాళీ బండి కూడా ఉన్నచోటే తిరుగుతుంది. ఇంతా అనుభవించినవాడు పెద్ద టైర్ల వైపు చూడటంలో తప్పేమీ లేదు. కాకపోతే బురదకు కావలసింది టైరు సైజు కాదు, టైరు గాడి. కంపెనీ సైజులోనే ఆల్ టెర్రెయిన్ టైర్లు, అంటే రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే లోతు గాడుల టైర్లు దొరుకుతాయి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది. మిగతా సగానికి ట్రాక్టరూ గొలుసూ ఉండనే ఉన్నాయి.

ఇక మోత. ఇక్కడే జనం బాగా పొరబడుతున్నారు. పెద్ద టైరు ఎక్కువ మోస్తుందని అందరూ అనుకుంటారు. టైరు పక్కన ఏం రాసి ఉందో చదివితే ఆ నమ్మకం నిలవదు.

నా రామ్ 3500కి కంపెనీ ఇచ్చిన సైజు 235/80ఆర్17, లోడ్ రేంజ్ ఈ. 235 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, 17 అంటే రిమ్ము అంగుళాలు. లోడ్ రేంజ్ అంటే టైరు ఎంత గాలి, ఎంత బరువు తట్టుకునే తరగతో చెప్పే అక్షరం. దాని పక్కన 120/117 అని ఉంటుంది. మొదటిది టైరు ఒంటరిగా ఉన్నప్పుడు మోసే బరువుకు గుర్తు, రెండోది జంటలో ఉన్నప్పుడు. 80 పీఎస్‌ఐ గాలితో ఒంటరిగా 3,086 పౌండ్లు, జంటలో 2,833 పౌండ్లు. జంటలో తగ్గడానికి కారణాలున్నాయి. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది కాబట్టి రెండు టైర్ల మీదా భారం సమంగా పడదు. రెండిట్లో గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు. లోపలి టైరుకు చల్లగాలి తగలదు. ఇవన్నీ లెక్కేసే ఆ కోత పెట్టారు.

జంట లెక్కన నాలుగు టైర్లకు కలిపి 11,332 పౌండ్లు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో నా వెనక ఇరుసు పరిమితి 9,750. అంటే టైర్ల దగ్గర ఇప్పటికే పదిహేను వందల పౌండ్లకు పైగా మిగులుంది. ఇరుసు, స్ప్రింగులు, బేరింగులు, బ్రేకులు అన్నీ కలిపి కంపెనీ కట్టిన లెక్క ఆ 9,750. నువ్వు ఏ టైరు వేసినా ఆ అంకె మారదు.

ఇప్పుడు షాపులో చూపించే పెద్ద టైర్లకొద్దాం. ఫోర్డ్ డ్యూయలీలకు కంపెనీ సైజు 245/75ఆర్17. దాని మీద 121/118, అంటే ఒంటరిగా 3,195, జంటలో 2,910 పౌండ్లు. దానికంటే చాలా లావుగా, భారీగా కనిపించే 285/70ఆర్17 తీసుకుని చదవండి. మార్కెట్లో ఎక్కువగా కనిపించే లోడ్ రేంజ్ ఈ టైర్ల మీద ఉండేది మళ్ళీ అదే 121/118. 255/80ఆర్17 మీదా అదే. నాలుగు సెంటీమీటర్లు లావెక్కినా మోత ఒక్క పౌండు పెరగలేదు. పైగా 285 టైరుకు రిమ్ము కనీసం ఏడున్నర అంగుళాల వెడల్పు ఉండాలి. డ్యూయలీ రిమ్ములు ఆరు, ఆరున్నర. అంటే కంపెనీ రిమ్ము మీద అది ఎక్కకూడని టైరు. ఎక్కించే షాపులున్నాయి, ఆ సంగతి వేరు.

తమ్ముడు మనసు పడ్డ 35 అంగుళాల టైరు సంగతి ఇంకా విచిత్రం. 35 బై 12.50 ఆర్ 17 అని రాసే ఈ రకం టైర్ల మీద మామూలుగా ఒక్క అంకే ఉంటుంది, 121 అని. గీత తర్వాత రెండో అంకె ఉండదు. అంటే జంటలో వేస్తే ఎంత మోస్తుందో తయారుచేసినవాడు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే దాన్ని జంటలో వాడతారని అతను అనుకోలేదు కాబట్టి. నేను ఫోన్లో ఇది చెబితే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "షాపోడు ఏం కాదన్నడన్నా" అన్నాడు. షాపువాడికి ఏమీ కాదు, నిజమే.

ఇక సందు దగ్గరికి వద్దాం. నా వరకు అసలు విషయం ఇదే.

డ్యూయలీలో రెండు రిమ్ములను ఎదురెదురుగా ఆనించి ఒకే బోల్టులకు బిగిస్తారు. ఒక టైరు మధ్యగీత నుంచి రెండో టైరు మధ్యగీత దాకా దూరం ఎంతుండాలో రిమ్ము ఆఫ్‌సెట్, అంటే రిమ్ము మధ్యగీతకూ అది బిగించే ముఖానికీ ఉన్న దూరం, తేల్చేస్తుంది. అది మారదు. కాబట్టి టైరు ఎంత లావెక్కితే సందు అంత తగ్గుతుంది. 235 తీసి 255 వేస్తే 20 మిల్లీమీటర్లు పోయినట్టే, అంటే ముప్పావు అంగుళానికి కాస్త ఎక్కువ. 285 వేస్తే 50 మిల్లీమీటర్లు, దాదాపు రెండు అంగుళాలు. ఇరుకు రిమ్ము మీద టైరు కాస్త సన్నబడుతుంది కాబట్టి లెక్క అటూ ఇటూ అవుతుంది గానీ, జరిగేది మాత్రం ఇదే.

మిగిలిన సందును ఖాళీ బండి మీద చూసి సరేననుకోవడం రెండో పొరపాటు. బరువు ఎక్కగానే టైరు నేల దగ్గర పక్కలకు ఉబ్బుతుంది. మలుపులో ఇంకాస్త వాలుతుంది. వెలుతురు కనిపిస్తోందని సంతోషించిన సందు, లోడు ఎక్కాక నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో మూసుకుపోయి ఉండొచ్చు. చూడాలంటే సులువైన పద్ధతి ఒకటుంది. రెండు టైర్లూ ఒకదానికొకటి ఎదురుగా ఉండే పక్కలకు బడిపిల్లల సుద్ద దట్టంగా రుద్దండి. ట్రెయిలరు తగిలించి, మామూలుగా మీరు లాగే బరువుతో, రెండు మూడు గట్టి మలుపులు తిరిగి రండి. టార్చిలైటు వేసి లోపలికి చూడండి. కంపెనీ సైజులో సుద్ద ఎక్కడిదక్కడ దుమ్ము పట్టి ఉంటుంది. పెద్ద టైర్లు వేయించిన తెలిసినవాళ్ళ బండి ఒకదానికి నేనే ఇలా చేసి చూశాను. టైరు చుట్టూ బొటనవేలంత వెడల్పున సుద్ద మొత్తం పోయి, నల్లటి పట్టీ ఒకటి మెరుస్తోంది. చెయ్యి పెడితే నున్నగా తగిలింది. పక్కగోడ మీది అక్షరాల అంచులు అప్పటికే అరిగిపోయాయి. ఆ బండి బయటి నుంచి చూడటానికి మాత్రం చాలా బాగుంది.

పక్కగోడలు రాసుకుంటే వేడి పుడుతుంది. టైరులో ఇనుప తీగల పట్టీలు ఉండేది కింద, నేలను తాకే భాగంలో. పక్కన ఉండేది పల్చటి రబ్బరు, దాని వెనక పాలియెస్టర్ దారాలు. ఆగస్టు మధ్యాహ్నం టెక్సస్ తారురోడ్డు మీద గంటకు 70 మైళ్ళ వేగంతో, లోడుతో, ఆ రబ్బరు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ పోతోందంటే ఎంతసేపు నిలుస్తుంది? రాళ్ళ సంగతి వేరే చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో మా మావయ్య లారీ ఆగగానే క్లీనరు చేసే మొదటి పని ఇనుపరాడ్డు పట్టుకుని వెనక్కి వెళ్ళడం. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాళ్ళు పొడిచి తీసేవాడు, తర్వాత ఒక్కో టైరునూ కొట్టి చప్పుడు వినేవాడు. ఇక్కడ ఆ పని చేసే క్లీనర్లు ఉండరు. సందు తగ్గేకొద్దీ చిన్న రాయి కూడా ఇరుక్కుంటుంది.

దీనికి విరుగుడుగా స్పేసర్లు అమ్ముతారు. రెండు రిమ్ముల మధ్య ఒక దిమ్మ పెట్టి బయటి టైరును ఇంకా బయటికి జరపడం. సందు వస్తుంది. ఆ బయటి టైరు మోసే భారం మాత్రం బేరింగు నుంచి దూరం జరుగుతుంది. బోల్టు మీద నట్టు పట్టే పొడవు తగ్గకుండా పొడవాటి బోల్టులు వేయాలి. చక్రం హబ్బు మీద కూర్చోవాలి గానీ బోల్టుల మీద వేలాడకూడదు. అన్నీ సరిగ్గా చేసినవాళ్ళు ఉన్నారు. చవకలో తెచ్చి బిగించినవాళ్ళూ ఉన్నారు. దాని కంటే సరైన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములు కొనడం నయం. అప్పుడు ఆరు రిమ్ములు, ఆరు టైర్లు, స్పేరుతో కలిపి ఏడు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు టైర్లు వెనకవాటితో సమానంగా ఉండాలి కాబట్టి వెనకవి మాత్రమే మార్చి ఊరుకోవడం కుదరదు. పెద్ద స్పేరు టైరు తొట్టి కింద దాని చోటులో పట్టకపోతే దాన్ని ఎక్కడ మోస్తారో కూడా ఆలోచించుకోవాలి.

జంట టైర్లు అన్నాక రెండూ సమానంగా ఉండాలి. ఒకటి అరిగి, ఒకటి కొత్తదైతే, పెద్ద టైరు మీద భారం పడుతుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుంటూ అరుగుతుంది. కాడికి కట్టిన ఎడ్లు ఎత్తులో తేడాగా ఉంటే ఏమవుతుందో పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ సైజు టైర్లలో ఎత్తు తేడా పావు అంగుళం దాటకూడదంటారు. అందుకే జంటలో ఒకటి పాడైతే చాలాసార్లు రెండూ కొనాల్సి వస్తుంది. పెద్ద టైర్ల ధర చూసుకుని ఒకటే కొనేద్దామనే ఆశ ఇక్కడ పుడుతుంది.

ఒక టైరు పేలినా ఇంకోటి ఉంది కదా, అదే కదా డ్యూయలీ గొప్పతనం అంటారు. ఇది సగమే నిజం. తూకం వేయించినప్పుడు ట్రెయిలరుతో కలిపి నా వెనక ఇరుసు మీద 8,700 పౌండ్లు వచ్చింది. ఒక్కో వైపు 4,350. అటు ఒక టైరు పోతే ఆ 4,350 మొత్తం మిగిలిన ఒక్క టైరు మీద పడుతుంది. దాని ఒంటరి సామర్థ్యం 3,086. పన్నెండు వందల పౌండ్లకు పైగా అదనపు భారం. రోడ్డు పక్కకు తీసి ఆపడానికి అది చాలు. తర్వాతి ఊరి దాకా పోవడానికి చాలదు. ఆ టైరు అంతకుముందే పక్కదానితో రాసుకుని ఉంటే ఆపడానికి కూడా చాలకపోవచ్చు.

గేరు లెక్క చాలామందికి తెలుసు కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పను. 31.8 అంగుళాల టైరు తీసి 33.1 వేస్తే 3.73 ఇరుసు (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను వైపు నుంచి వచ్చే షాఫ్టు 3.73 చుట్లు తిరిగే గేరు) దాదాపు 3.58 లా పనిచేస్తుంది. నాలుగు శాతం. స్పీడోమీటరు 65 చూపిస్తుంటే బండి 68కి దగ్గరగా పోతుంటుంది, కంప్యూటరులో సైజు మార్పిస్తే అదీ సరిపోతుంది. ఈ కాలపు డీజిలు ఇంజన్లకు నాలుగు శాతం ఒక లెక్క కాదు, దీన్ని పట్టుకుని భయపెట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. 35 వేస్తే మాత్రం కథ మారుతుంది. 4.10 గేరుకు అదనంగా డబ్బు కట్టి కొన్న బండి 3.73 బండి అయిపోతుంది. ఆ రెండు గేర్లకూ కంపెనీ ఇచ్చే లాగుడు బరువు వేర్వేరుగా ఎందుకుంటుందో కంపెనీ పట్టిక తెరిచి చూస్తే అర్థమవుతుంది.

ఎక్కడం కంటే దిగడం గురించే నాకు టెన్షన్. డాలస్ నుంచి కొలరాడో పోవాలంటే అమరిల్లో, డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా రటోన్ చేరి, అక్కడ 7,834 అడుగుల కనుమ ఎక్కాలి. అది చిన్నది. డెన్వర్ దాటి ఐ-70 హైవే మీద పడమరకు పోతే ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంటుంది. సొరంగం దాటగానే సిల్వర్‌థోర్న్ దాకా ఏడు శాతం వాలులో దిగుడే దిగుడు. బ్రేకులు పోయిన లారీల కోసం రోడ్డు పక్కన గులకరాళ్ళు పోసిన ఎత్తు ర్యాంపులు కట్టారు. ఆ వాలులో క్యాంపరు వెనక నుంచి తోస్తుంటే టైరు ఎత్తు అంటే ఏమిటో కాలికి తెలుస్తుంది. బ్రేకు పట్టే పట్టు అంతే ఉంటుంది, టైరు పెద్దదయ్యేకొద్దీ నేల దగ్గర అది ఆపగలిగే బలం తగ్గుతుంది. 33కి నాలుగు శాతం, 35కి తొమ్మిది శాతం. ఇంజను పొగను అడ్డుకుని బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకుకైతే గేరు దించి ఆ లోటు పూడ్చుకోవచ్చు. కాలి బ్రేకుకు గేర్లు లేవు.

ఎత్తు ఇంకో తలనొప్పి. 35 వేస్తే తొట్టి ఒకటిన్నర అంగుళం పైకి లేస్తుంది, ముందు టైరు తగలకుండా బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్ వేస్తే ఇంకా లేస్తుంది. అప్పుడు ట్రెయిలరు మూతి ఆకాశం చూస్తుంది, భారం ట్రెయిలరు వెనక ఇరుసు మీదికి పోతుంది, ఇరుసులు ఒకదానితో ఒకటి భారం పంచుకోని టోర్షన్ రకం ట్రెయిలర్లలో మరీ ఎక్కువ. ట్రెయిలరు తగిలించే హిచ్ దించుదామంటే ట్రెయిలరు అడుగుభాగానికీ తొట్టి గోడలకూ మధ్య ఖాళీ సరిపోదు. పొలం గేటు దగ్గర గుంటలో దిగినప్పుడు టప్ మని ఒక చప్పుడు వస్తుంది, అప్పుడు తెలుస్తుంది.

సరే, కంపెనీ టైరు ఎప్పటికీ మార్చకూడదా అంటే, మార్చొచ్చు. బరువు కోసమే అయితే పోవలసిన దారి వేరు. 225/70ఆర్19.5 అనే సైజు ఉంది. ఫోర్డ్ ఎఫ్-450 పికప్‌కు కంపెనీ నుంచే ఈ సైజు వస్తుంది. ఎత్తు 31.9 అంగుళాలు, అంటే నా బండి టైరుకూ దానికీ వెంట్రుకవాసి తేడా. వెడల్పు ఇంకా తక్కువే. లోడ్ రేంజ్ జీ టైరు 95 పీఎస్‌ఐ దగ్గర జంటలో 3,750, ఒంటరిగా 3,970 పౌండ్లు మోస్తుంది. టైరుకు తొమ్మిది వందల పౌండ్లు పెరిగినా గేరు మారదు, ఎత్తు మారదు. ఇందాక చెప్పినట్టు ఒక టైరు పోతే రెండోదాని మీద అదనపు భారం పన్నెండు వందలకు బదులు నాలుగు వందల లోపే. పెద్దగా కనిపించకుండా బలంగా ఉండే టైరు ఇది. ఇబ్బందులు లేవని కాదు. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, తడి గడ్డి మీద జారుతుంది, వేగ పరిమితి చూసి కొనాలి, 95 పీఎస్‌ఐ తట్టుకునే రిమ్ములు వేరే కొనాలి. ఇరుసు పరిమితి 9,750 మాత్రం అలాగే ఉంటుంది. నెలకోసారి ట్రెయిలరు లాగేవాడికి ఇది దండగ, రోజూ లాగి బతికేవాడికి లాభం.

గాలి చూడటం గురించి ఒక చిరాకు కూడా చెప్పుకోవాలి. 2000లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల మీద ఫైర్‌స్టోన్ టైర్లు విఫలమై ప్రమాదాలు జరిగిన గొడవ పెద్దదై, అదే ఏడాది అమెరికాలో ట్రెడ్ అనే టైర్ల భద్రత చట్టం వచ్చి, దాని వెనకే టైరు గాలి చూపించే సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. ఆ నియమం 10,000 పౌండ్ల లోపు బండ్లకే. అందులోనూ జంట టైర్లున్న బండ్లను విడిగా పేరుపెట్టి మినహాయించారు. గాలి తగ్గినా బయటికి తెలియని టైరు ఏదైనా ఉందంటే అది డ్యూయలీ లోపలి టైరే, పక్కది మోస్తూ ఉంటుంది కాబట్టి బండి ఒరగదు. కొన్ని కంపెనీలు తమంతట తామే సెన్సర్లు ఇస్తున్నాయి. పెద్ద టైర్లూ కొత్త రిమ్ములూ వేయించేటప్పుడు ఆ సెన్సర్లను పీకి మూల పడేయడం నేను చూశాను. రెండు మూతుల పొడవాటి గేజి ఒకటి కొనుక్కుని, బయటి రిమ్ము కన్నంలోంచి దూర్చి, లోపలి వాల్వు మీద సరిగ్గా కూర్చునేదాకా తిప్పలు పడాలి. మోకాళ్ళకు గులకరాళ్ళు గుచ్చుకుంటాయి. ప్రతి ప్రయాణానికీ ముందు తప్పదు.

డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పేస్తాను. ట్రక్కు టైర్ల దగ్గర మిగులు పదిహేను వందల పౌండ్లకు పైగా ఉందన్నాను కదా. వెనక ట్రెయిలరుకు చాలామట్టుకు 7,000 పౌండ్ల ఇరుసులుంటాయి, వాటికి వేసే మామూలు టైరు 235/80ఆర్16, ట్రెయిలర్ల కోసమే చేసిన ఎస్‌టీ రకం, లోడ్ రేంజ్ ఈ. ఒక్కోటి 3,520 పౌండ్లు మోస్తుంది. రెండు కలిపితే 7,040. మిగులు నలభై పౌండ్లు. ఒక సిమెంటు బస్తా బరువు కూడా కాదు. అదీ 80 పీఎస్‌ఐ నిండుగా ఉన్నప్పుడు, భారం రెండు వైపులా సమంగా ఉన్నప్పుడు. రోడ్డు పక్కన జాకీ ఎత్తి కూర్చున్న క్యాంపర్లను గమనించండి. పేలింది ట్రక్కు టైరా, ట్రెయిలరు టైరా? మిగులున్న చోట వేలకు వేలు పోసి, నలభై పౌండ్లు మిగిలిన చోట అయిదేళ్ళ నాటి టైర్లతో లాగుతారు. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది, అది కూడా చూడరు.

నల్గొండ తమ్ముడితో నేను వాదించింది ఇదే. ముందు ట్రక్ స్టాపులో తూకం వేయించమన్నాను. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలరు, మూడూ విడివిడిగా కాగితం మీద అచ్చయి వస్తాయి. మేకల మేత నింపిన ట్రెయిలరుతో వెళ్ళాడు. ట్రక్కు వెనక ఇరుసు పరిమితికి చాలా లోపలే ఉంది, ట్రెయిలరు ఇరుసులు మాత్రం నిండిపోయాయి. ఆ కాగితం ఫొటో పంపించి "నువ్వు చెప్పిందే కరెక్టున్నదన్నా" అని రాశాడు. కింద కోపంగా ఉన్న బొమ్మ ఒకటి పెట్టాడు.

లుక్ కోసం బండి కొనుక్కున్నవాళ్ళతో నాకు పేచీ లేదు. 24 అంగుళాల రిమ్ములు, లారీ టైర్లు, అద్దంలా మెరిసే అల్యూమినియం. శనివారం సాయంత్రం ఊళ్ళో తిప్పుకుంటారు, వెనక ఏమీ తగిలించరు. వాళ్ళ ఇష్టం, వాళ్ళ డబ్బు. లాగే బండికి 33 వేయాలని మరీ పట్టుదలైతే 255/80 వేసుకోండి. రిమ్ముకు అది తగినదని టైరు కంపెనీ పట్టికలో ఉండాలి, జంట టైర్ల మధ్య కనీస దూరం ఎంతని అదే పట్టికలో రాసి ఉంటుంది, ఆ దూరం ఇచ్చే ఆఫ్‌సెట్ రిమ్ములు కావాలి. నట్లు బిగించాక నూరు మైళ్ళకు మళ్ళీ బిగించాలి. సుద్ద పరీక్ష లోడుతో చేయాలి.

తమ్ముడు ఇంత తతంగం పెట్టుకోలేదు. ట్రక్కుకు కంపెనీ సైజులోనే ఆరు ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించాడు. ట్రెయిలరుకు లోడ్ రేంజ్ జీ టైర్లు తెచ్చాడు. వాటికి 110 పీఎస్‌ఐ గాలి కాబట్టి పాత రిమ్ములు పనికిరాక అవీ మార్చాల్సి వచ్చింది, ఆ ఖర్చు నేను ముందే చెప్పలేదని నా మీద గుర్రుగా ఉన్నాడు. ట్రక్కు చూడటానికి ఏమీ మారలేదు, ఆ బాధ కూడా ఉంది. ఇప్పుడు క్యాబ్ పైన ఆ అయిదు లైట్లకు నల్లటి గాజులు వేయిస్తానంటున్నాడు. దానికి నేను అడ్డు చెప్పలేదు, లైటు మాత్రం బయటికి పసుప్పచ్చగానే కనిపించాలన్నాను.